మూడు మాత్రలు సరే, ముద్దేదీ?

టీబీ అని తేలగానే ప్రభుత్వాస్పత్రిలో రోగిని ముందు కాటా ఎక్కిస్తారు. మాత్రల లెక్కంతా బరువు మీదే. 25 నుంచి 34 కిలోలుంటే రోజుకు రెండు, 35 నుంచి 49 దాకా మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా ఇదే పట్టిక. దేశమంతా ఇదే.

మొన్న నేను చూస్తుండగా ఒకతను ఆ కాటా ఎక్కాడు. టమోటా మండీలో బాక్సులు మోసే మనిషి. నలభై నిండి ఉండవు. అయిదడుగుల నాలుగంగుళాల ఎత్తుకు 38 కిలోలు తూగాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. "ముప్పై ఎనిమిది. మూడు మాత్రలన్నా, పొద్దున్నే పరగడుపున ఏసుకో. మూత్రం ఎర్రగా వస్తాది, భయపడొద్దు" అని చెప్పి అక్కడి అమ్మాయి మందు పట్టీలు చేతిలో పెట్టింది. "గుడ్లు, పాలు, పప్పు బాగా తిను" అని కూడా చెప్పింది. అతను దేనికీ ఎదురు చెప్పలేదు. "నెలనుంచి పనికి పోలేదమ్మా" అన్నాడు, అంతే.

ఆ అమ్మాయి తన పని తప్పు లేకుండా చేసింది. నా కోపం ఆమె మీద కాదు. ఆమె చేతికి మాత్రల పట్టిక మాత్రమే ఇచ్చి, తిండి విషయంలో ఉత్త సలహా ఇచ్చి పంపమన్నవాళ్ళ మీద.

ఆ 38 అనే అంకె రెండు సంగతులు చెబుతుంది. రోజుకు మూడు మాత్రలు చాలన్నది ఒకటి. ఆ మనిషి ఆకలితో ఎండిపోయాడన్నది రెండోది. ఆ ఎత్తుకు ఆ బరువంటే బీఎంఐ 14.4. 18.5కు తగ్గితేనే తక్కువ బరువు అంటారు, 16కు తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపం. మొదటి సంగతికి ప్రభుత్వం దగ్గర ఉచిత మందుంది, మందుకు గోదాముంది, గోదాముకు రిజిస్టరుంది. రెండో సంగతికి "బాగా తిను" అనే రెండు మాటలున్నాయి. నెల రోజులుగా కూలి లేని మనిషితో బాగా తినమని చెప్పడం వైద్యమా?

టీబీ రోగికీ అతని ఇంటిల్లిపాదికీ తిండి కూడా వైద్యమే. ఇది జాలిగుండె మాట కాదు, మన దేశంలోనే, మన డాక్టర్లే, మన పేదల మధ్యే చేసి చూపించిన పరిశోధన తేల్చిన మాట. తేలిన వైద్యాన్ని అందరికీ అందించకుండా దాతల దయకు వదిలేయడం అన్యాయం. ఇదొక్కటే నేను చెప్పదలచుకున్నది, మెత్తగా చెప్పే ఉద్దేశం లేదు.

ఈ మాట మదనపల్లె నుంచి చెప్పడానికి మాకు ప్రత్యేకమైన హక్కుంది. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడి బీసెంట్ కాలేజీలో ఉండగానే జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చాడని మేం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం గురించి ఈ తరం పిల్లల్ని అడగండి. "పాత ఆస్పత్రి" అంటారు. అక్కడ జరిగింది ప్రపంచ వైద్య చరిత్రలో ఉంది, మన బడి పుస్తకాల్లో లేదు.

పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో తలపెట్టిన క్షయ శానిటోరియం అది. 1915 నుంచి ఆరోగ్యవరంలో రోగుల్ని చేర్చుకున్నారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-ముల్లర్ దాన్ని నిలబెట్టాడు. ఆ తర్వాత బాధ్యత తీసుకున్న డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారతంలో టీబీ విషయాల్లో కేంద్ర ప్రభుత్వానికే సలహాదారయ్యాడు. శానిటోరియం మొదలైంది టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని కాలంలో. శానిటోరియం వైద్యమంటే విశ్రాంతి, గాలి, తిండి. కొందరికి రొమ్ములోకి గాలి ఎక్కించి జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవాళ్ళు. బరువు పెరిగాడా లేదా అన్నదే డాక్టరు చేతిలో ఉన్న పెద్ద గుర్తు. బరువు పెరిగితే ఆశ, తగ్గితే దిగులు. మందు చేతికి రాకముందు డాక్టర్లందరికీ తెలిసిన సంగతి ఇది. మందొచ్చాక మరిచిపోయారు.

1950లో తర్వాతి తరం డాక్టర్ జె. ఫ్రిమోట్-ముల్లర్ బృందం మదనపల్లె పట్టణంలో, చుట్టూ ఉన్న పల్లెల్లో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. చర్మం మీద ట్యూబర్క్యులిన్ పరీక్ష చేశారు, ఎక్స్‌రేలు తీశారు. పరీక్షలో నెగెటివ్ వచ్చినవాళ్ళను ఒకరు విడిచి ఒకరుగా రెండు జట్లు చేశారు. 5,069 మందికి బీసీజీ టీకా వేశారు, 5,808 మందికి వేయలేదు. ఏళ్ళ తరబడి వాళ్ళను కనిపెట్టుకుని ఉన్నారు. ఫ్రిమోట్-ముల్లర్, ఆచార్యులు, కేశవ పిళ్ళై కలిసి 1973లో అంతర్జాతీయ క్షయ నిరోధక సంఘం బులెటిన్‌లో ఫలితం ప్రకటించారు. టీకా వేసినవాళ్ళలో 33 మందికి టీబీ వచ్చింది, వేయనివాళ్ళలో 47 మందికి. అంటే వెయ్యికి ఆరున్నర ఒకవైపు, ఎనిమిది మరోవైపు. ఆ కాస్త తేడా కాకతాళీయంగానైనా రావచ్చు.

బ్రిటన్‌లో ఇదే బీసీజీ పిల్లల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. అక్కడ టీకా వేసిన 13,598 మందిలో 62 మందికి జబ్బు వస్తే, వేయని 12,867 మందిలో 248 మందికి వచ్చింది. మరి ఇక్కడెందుకు పనిచేయలేదు? మన మట్టిలో, నీళ్ళలో ఉండే టీబీ జాతి సూక్ష్మజీవులు ముందే ఒంటికి అలవాటై టీకా బలాన్ని మింగేస్తున్నాయా? భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ టీకా నీరసిస్తుందా? మదనపల్లె లేవనెత్తిన ఈ ప్రశ్నను తేల్చడానికి 1968లో చెంగల్పట్టులో ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. 1980 నాటి లెక్కలో ఒక్కో వైపు 88,391 మంది. టీకా వేసినవాళ్ళలో 505 మందికి, వేయనివాళ్ళలో 499 మందికి టీబీ. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపడం లేదని తేలిపోయింది. (పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీ నుంచి ఆ టీకా కాపాడుతుంది. అందుకే ఈ రోజుకీ పుట్టిన బిడ్డకు వేస్తున్నాం, వేయించాలి కూడా. ఈ వ్యాసం చదివి ఎవరూ బిడ్డకు టీకా మానొద్దు.)

1994లో అమెరికా పరిశోధకులు ప్రపంచంలోని బీసీజీ పరీక్షలన్నీ కూడేసి లెక్క తీసినప్పుడు మదనపల్లె వరుస అందులో ఉంది. ఈ రోజు ఏ దేశంలోనైనా వైద్య గణాంకాలు నేర్చుకునే విద్యార్థి కంప్యూటర్లో ఆ పట్టిక తెరిస్తే 33, 5036, 47, 5761 అనే నాలుగు అంకెలు కనిపిస్తాయి: టీకా పడ్డవాళ్ళలో జబ్బు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, పడనివాళ్ళలో వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. ఆ అంకెలు మా తాతలూ అవ్వలూ. సంగటి తిని, చెనక్కాయలు ఒలిచి, వానకు మొహం వాచిన ఈ నేల మీద బతికిన 10,877 మంది మనుషులు. టీకా పడ్డవాళ్ళూ, పడనివాళ్ళూ ఇద్దరూ శాస్త్రానికి సమానంగా ఇచ్చారు. శాస్త్రం వాళ్ళ మునిమనవలకు ఏం తిరిగిచ్చిందన్నది నా ప్రశ్న.

టీకా లేదు. పెద్దవాళ్ళకు పనికొచ్చే టీబీ టీకా ఇవాళ్టికీ చేతికి రాలేదు. మరి ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగతావాళ్ళను కాపాడేదేమిటి?

2023 ఆగస్టులో దానికో జవాబు వచ్చింది. లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ పరిశోధనను రేషన్స్ అని పిలిచారు. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ దాన్ని నడిపించారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డబ్బు పెట్టింది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాలు, 2,800 మంది టీబీ రోగులు, వాళ్ళ ఇళ్ళల్లోని 10,345 మంది. మా మదనపల్లె లెక్కకు ఇంచుమించు సమానమైన సంఖ్య, నాకెందుకో అది గుండెకు తగిలింది. రోగులందరికీ నెలకు పది కిలోల సరుకిచ్చారు: అయిదు కిలోల బియ్యం, మూడు కిలోల సెనగ సత్తు, కిలోన్నర పాలపొడి, అర లీటరు నూనె, విటమిన్ మాత్రలు. సగం ప్రాంతాల్లో రోగి ఇంట్లోవాళ్ళకు కూడా మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. మిగతా సగంలో ఇంట్లోవాళ్ళు ఎప్పటిలాగే తిన్నారు. అంతే తేడా. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

తిండి అందిన ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కళ్ళె పరీక్షలో రుజువైన ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. దాదాపు సగం. బియ్యం, పప్పు!

రోగుల సంగతి చూడండి. చేరినప్పుడు పది మందిలో ఎనిమిది మందికి పైగా తక్కువ బరువే. ఇంచుమించు సగం మంది బీఎంఐ 16 లోపు, అంటే మా మండీ మనిషిలాంటివాళ్ళు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 38 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు. రెండు కిలోల కండ మనిషిని చావు నుంచి అంత దూరం జరుపుతుందని తెలిసాక, ఏ డాక్టరైనా, ఏ అధికారైనా తిండిని సలహాల ఖాతాలో ఎలా రాయగలడు?

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళాలి. తిండి టీబీ వైద్యంలోంచి జారిపోవడం దానంతటది జరగలేదు. దానికీ ఒక పరిశోధనే కారణం. తప్పు ఆ పరిశోధనది కాదు, దాన్ని చదివిన తీరుది.

1956లో మద్రాసులో ట్యూబర్క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ పెట్టారు. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ చేయి కలిపాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ ముందుండి నడిపాడు. 193 మంది పేద రోగుల్ని రెండుగా చేసి, కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరిని ఇళ్ళకే పంపారు. మందులు అందరికీ ఒకటే. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఇరుకు గదుల్లో, తక్కువ తిండితో, పనులు చేసుకుంటూ మందు మింగారు. అయినా ఏడాది తిరిగేసరికి రెండు జట్ల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1959లో ఇది అచ్చు కాగానే ప్రపంచమంతా శానిటోరియం మంచాలు ఖాళీ అయ్యాయి. లక్షల మంది పేదలు ఇంట్లోనే ఉండి బతికారు. ఆ పరిశోధనకు నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

కానీ ఆ 193 మందిని అడిగిన ప్రశ్న ఏమిటి? మందు పనిచేయాలంటే శానిటోరియం మంచం, శానిటోరియం భోజనం తప్పనిసరా అన్నది ప్రశ్న. తప్పనిసరి కాదని జవాబు. కళ్ళెలో క్రిములు పోయాయా లేదా అన్నది కొలత. శానిటోరియంలో ఉన్నవాళ్ళు ఎక్కువ బరువు పెరిగారని ఆ పత్రాల్లోనే ఉంది. దాన్ని పక్కన పెట్టారు. 1961లో తిండి పాత్ర మీద విడిగా మరో పత్రం వచ్చింది, మందు పడుతుంటే క్రిమి పోవడానికి తిండి అడ్డం కాదని అందులోనూ తేల్చారు. క్రిమి సంగతి వరకు నిజమే. కానీ ఆ మనిషి మళ్ళీ మూట ఎత్తగలిగాడా? ఆకలితో ఉన్న అతని భార్యకూ పిల్లలకూ తర్వాత ఈ జబ్బు రాకుండా తిండి ఆపగలిగేదా? ఈ ప్రశ్నల్ని తిండి పెట్టి చూసి తేల్చినవాళ్ళు లేరు. అడగని ప్రశ్నకు కూడా "కాదు" అని జవాబు రాసుకుని, దాన్నే విధానం చేసుకున్నారు. అరవై ఏళ్ళు ఆ విధానమే నడిచింది.

ఆ మద్రాసు సెంటరే పేరు మారి ఇవాళ చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అయింది. ఆ సంస్థ పరిశోధకులే జార్ఖండ్ రేషన్స్ పరీక్షలో భాగస్వాములు. పాత మాటను సరిదిద్దే పరీక్షలో ఆ సంస్థే పాలుపంచుకుంది. శాస్త్రం అంత నిజాయితీగా నడిచింది. ప్రభుత్వం ఎందుకు నడవదు?

"ప్రభుత్వం చేస్తోంది కదా" అంటారు. ఏం చేస్తోందో చూద్దాం. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 500 రూపాయలు. 2024 నవంబరు నుంచి 1000. మంచి పెంపే. బాగా తక్కువ బరువున్న రోగులకు మొదటి రెండు నెలలు బలమిచ్చే ఆహారపు పొడి కూడా ఇస్తామన్నారు. అదీ మంచిదే. కానీ వెయ్యి రూపాయలంటే రోజుకు 33. అర లీటరు పాలు కొంటే ఇక గుడ్డుకు మిగలదు. అదీ రోగి ఒక్కడికే. పైగా అది డబ్బు. పని పోయిన ఇంట్లోకి మూడు నెలలది కలిపి మూడు వేలు ఒక్కసారిగా వస్తే ముందు అంగడి బాకీకి పోతుంది. పోకుండా ఎలా ఉంటుంది? అప్పిచ్చిన అంగడాయన వాకిట్లోనే ఉంటాడు, ఊపిరితిత్తి లోపలెక్కడో ఉంటుంది. నేను చూసిన ఇళ్ళల్లో ఆ డబ్బుతో గుడ్లు కొన్న ఇల్లు అరుదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవలేదని ఆరు నెలల మందు అయిపోయాక డబ్బు పడ్డ ఇల్లు కూడా చూశాను.

మరి ఇంట్లోవాళ్ళకు? పరిశోధన తేల్చిన అసలు సంగతి వాళ్ళదే కదా. వాళ్ళను నిక్షయ్ మిత్రలకు అప్పగించారు. 2022 సెప్టెంబరులో మొదలైన పథకం. ఇష్టమున్న వ్యక్తో, కంపెనీయో, సంఘమో ముందుకొచ్చి రోగిని దత్తత తీసుకుని నెలనెలా సరుకుల సంచి ఇవ్వాలి. 2024లో రోగి కుటుంబాన్ని కూడా ఇందులో చేర్చారు. ముందుకొచ్చినవాళ్ళందరికీ నమస్కారం, వాళ్ళ మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. కానీ మదనపల్లెలో ఒక దాత దొరికి, ములకలచెరువు దగ్గరి పల్లెకు దొరక్కపోతే? మూడు నెలలిచ్చి దాత మానేస్తే? టీబీకి ఇచ్చే రైఫాంపిసిన్ మాత్రను దాతలు దొరికితేనే ఇస్తామని ఎవరైనా అంటారా? అంటే దేశం ఊరుకుంటుందా? ఇంట్లోవాళ్ళకు వచ్చే టీబీని దాదాపు సగం ఆపే పప్పునూ బియ్యాన్నీ మాత్రం దాతకు వదిలేస్తే ఎందుకు ఊరుకుంటున్నాం?

కొత్త మాత్ర విషయంలో మాత్రం మన వ్యవస్థ చురుకే. మామూలు మందులకు లొంగని మొండి టీబీకి బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ నాలుగూ కలిపి ఆరు నెలల్లో నయం చేయవచ్చని 2022 చివర్లో పెద్ద పరిశోధన అచ్చయింది. 2024 సెప్టెంబరుకల్లా మన కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని జాతీయ కార్యక్రమంలోకి తెచ్చింది. ఏడాదిన్నర దాటి మింగాల్సిన మందుల నరకం ఆరు నెలలకు తగ్గింది. ఎంత మంచి పని! అదే వేగం తిండికి ఎందుకు రాలేదంటే, నాకు తోచే కారణం ఒక్కటే. మాత్రకు తయారీదారున్నాడు, సమావేశాలున్నాయి, కొనుగోలు పద్ధతి ఉంది. కందిపప్పు కోసం మాట్లాడే కంపెనీ లేదు. పేదవాడు తిండి అడిగితే అది వైద్యం కిందికి రాదు, బిచ్చం కిందికి వస్తుంది. ఈ చూపు మారాలి.

ఎదురు వాదనలు నాకు తెలియవని కాదు. తూర్పు తిమోర్‌లో టీబీ రోగులకు భోజనం, సరుకులు ఇచ్చి చూస్తే చికిత్స ఫలితాలు మెరుగుపడలేదని 2009లో వచ్చింది. నిజమే. అక్కడ ప్రధానంగా చూసింది రోగి మందు పూర్తి చేశాడా, నయమైందా అన్నది. ఇంట్లోవాళ్ళకు కొత్తగా జబ్బు రావడం గురించి కాదు. రేషన్స్ పరీక్షలో ఎవరికి తిండి అందుతోందో అందరికీ తెలుసు కాబట్టి అది పూర్తి గుడ్డి పరీక్ష కాదంటారు. అన్నం పెట్టినట్టు తెలియకుండా అన్నం ఎలా పెడతారు? పైగా రెండో సగం ఇళ్ళల్లో కూడా రోగి సంచిలోని బియ్యాన్ని పిల్లలతో పంచుకునే ఉంటారు. మన ఇళ్ళల్లో ఏ తండ్రి పిల్లల ముందు ఒక్కడే తింటాడు? అలా పంచుకున్నా ఇంత తేడా వచ్చిందంటే అసలు బలం ఇంకా ఎక్కువే అయి ఉండాలి.

ఖర్చు ఎక్కువంటారు. పరిశోధకులే లెక్క కట్టారు. ముప్పై కుటుంబాలకు, అంటే 111 మందికి తిండి అందిస్తే ఒక కొత్త టీబీ కేసు ఆగుతుంది. ఆగిన ఆ ఒక్కటీ ఉత్త కేసు కాదు. ఒక తల్లి, లేదా ఒక మేస్త్రీ. ఆరు నెలల కూలి, ఒక అప్పు, ఆ తర్వాత మరో ఇంటికి అంటుకునే జబ్బు. మిగతా 110 మంది తిన్న తిండేమీ వృథా పోలేదు కదా, అది వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది.

మా ప్రాంతంలో ఈ జబ్బు ఎవరి వెంట పడుతుందో చూస్తే ఖర్చు మాట ఎత్తడానికి నోరు రాదు. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో రాళ్ళు కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము పట్టిన ఊపిరితిత్తిలో టీబీ సులువుగా పాగా వేస్తుందని వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు కూలికి పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళకు రెండు పూటలా దొరికేది టీ, బన్ను. పుంగనూరు పొట్టి ఆవు వెన్న పాల పేరు ఢిల్లీ దాకా వెళ్ళింది, ఆ పుంగనూరు కాలనీల్లో టీబీ రోగి ఇంట పాలు టీకే చాలవు. మదనపల్లె మండీలో ధర పడిపోయిన రోజు టమోటాలు రోడ్డు పక్కన కుప్పలుగా పారబోస్తారు. ఆ కుప్ప పక్కనే బాక్సులెత్తే మనిషి ఇంట్లో పిల్లలు ఒట్టి సంగటి మింగుతారు. ఇక్కడ పండేదానికి లోటు లేదు. పండినది టీబీ ఇంటికి చేరే దారే లేదు.

దారి వేయడం కష్టమనకండి. ఇదే ప్రభుత్వం ఘాట్ రోడ్డు ఎక్కి కొండమీది ఊళ్ళ గర్భిణులకు అంగన్‌వాడీ ద్వారా గుడ్లు, పాలు చేరుస్తోంది. బడి పిల్లలకు గుడ్డు పెడుతోంది, రాగి జావ పోస్తోంది. ప్రతి ఊళ్ళో చౌక దుకాణం ఉంది, చాలా ఇళ్ళకు బియ్యం కార్డుంది. నమోదైన ప్రతి టీబీ రోగి పేరూ ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో ఉంది. ఈ రెండు జాబితాల్ని కలపడానికి కావాల్సింది ఒక ఉత్తర్వు. 2025కల్లా దేశంలో టీబీని అంతం చేస్తామని 2018లో ఢిల్లీలో ప్రపంచం ముందు ప్రకటించారు. 2025 వెళ్ళిపోయింది. 2015లో లక్షకు 237గా ఉన్న కొత్త కేసులు 2024కు 187కు దిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తగ్గుదల నిజమే, ఆస్పత్రి సిబ్బంది చెమటోడ్చిన ఫలితమే. కానీ పెట్టుకున్న లక్ష్యం 80 శాతం, దిగింది 21 శాతం. మాత్రలతోనే ఆ మిగతా దూరం నడుస్తామని ఇంకా అనుకుంటే అది మొండితనం. మాత్రలు లేని రోజుల్లోనే ఇంగ్లండులో టీబీ చావులు చాలా భాగం తగ్గాయి. అక్కడి కూలివాడి కంచం, ఇల్లు మెరుగుపడటం దానికో పెద్ద కారణమని చరిత్రకారులు ఎప్పుడో రాశారు.

డాక్టర్లకూ ఒక మాట. మీరు చీటీ రాస్తే మందుల షాపు కదులుతుంది, స్కానింగ్ సెంటర్ కదులుతుంది. టీబీ చీటీలో మాత్రల కింద "నెలకు ఇన్ని కిలోల పప్పు, ఇన్ని గుడ్లు, ఇంట్లో ఇంతమందికి" అని రాయండి. రాసి సంతకం పెట్టండి. నవ్వుతారని వెనుకాడకండి. మీ సంతకంతో ఉన్న ఆ చీటీని పట్టుకుని రోగి సచివాలయానికి వెళ్తే కనీసం అది కాగితం మీద ఒక డిమాండు అవుతుంది. వంద చీటీలు పోగైతే కలెక్టరు బల్ల మీద ఒక లెక్క అవుతుంది.

నేనయితే ఈ సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తున్నాను. అందులో అడిగినవి ఇవీ: టీబీ అని నమోదైన రోజే ఆ ఇంటి బియ్యం కార్డుకు గుర్తు పడాలి. రోగికి ఆరు నెలల పాటు, మొండి టీబీ అయితే మందు నడిచినంత కాలం, పప్పు, పాలపొడి, నూనె, రాగులు, గుడ్లు చౌక దుకాణంలోనే ఇవ్వాలి. ఇంట్లో ప్రతి మనిషికీ ఇప్పుడొచ్చే బియ్యానికి తోడు నెలకు కిలోన్నర కందిపప్పు. వెయ్యి రూపాయల సాయం దీనికి అదనంగా ఉండాలి, దీనికి బదులుగా కాదు. నెలనెలా ఆశా కార్యకర్త రోగితో పాటు ఇంట్లోవాళ్ళ బరువు కూడా చూసి రాయాలి, దగ్గు ఉన్నవాళ్ళకు వెంటనే కళ్ళె పరీక్ష చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి సంచి మందు మొదలుపెట్టిన వారంలోపే ఇంటికి చేరాలి. టీబీ చావుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే జరుగుతాయి, మూడో నెల చేరే పప్పు చాలామందికి అందదు.